నాన్న నల్లజాతి, అమ్మ తెలుగు: నాలుగేళ్ళ బాబుకి ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. మీది నల్గొండ, ఇప్పుడు డాలస్ దగ్గర ఉంటున్నారు. మీ ఆయన హ్యూస్టన్‌లో పుట్టి పెరిగిన నల్లజాతి అమెరికన్. బాబుకి నాలుగేళ్ళు. "ఎగ్రెసివ్‌గా ఉంటున్నాడు" అని ప్రీస్కూల్ నుంచి రెండుసార్లు చీటీ వచ్చింది. ఉగాది ఫంక్షన్‌లో ఆటలాడుతుంటే ఒక పాప "వీడి చెయ్యి నల్లగా ఉంది, నేను పట్టుకోను" అంది. ఆరు నెలలు ఉందామని వచ్చిన మీ అమ్మగారు వాణ్ణి ఎండలోకి పంపనివ్వడం లేదు. మీ ఆయనేమో "వాడు బ్లాక్, లోకం వాణ్ణి అలాగే చూస్తుంది, పోలీసుల సంగతి ఇప్పటినుంచే చెప్పాలి" అంటున్నారు. "వాడు సగం తెలుగు, పసివాడి నెత్తిన ఇప్పుడే ఆ బరువెందుకు" అని మీరు. ఎవరి మాట కరెక్టు అని అడిగారు. ఈ వేసవికి ఇండియా తీసుకెళ్ళొచ్చా అని కూడా అడిగారు.

మా ఆయనది అలబామాలో బర్మింగ్‌హామ్. నేను జార్జియాలో పబ్లిక్ స్కూళ్ళలో కౌన్సెలర్‌గా చాలా ఏళ్ళు పనిచేశాను. మా అబ్బాయీ అమ్మాయీ కాలేజీకి వచ్చేశారు. కాబట్టి కొంత తల్లిగా, కొంత ఆ ఉద్యోగం చేసిన మనిషిగా చెప్తున్నాను. చెల్లి అనుకుని కాస్త కటువుగా కూడా చెప్తాను, ఏమీ అనుకోకండి.

విషయంలో మీ ఆయన కరెక్టు, సమయంలో మీరు కరెక్టు. ఇద్దరూ చూడనిది ఒకటుంది. మీ బాబు రంగు గురించి మొదటి మాట పోలీసు దగ్గరో తెల్లవాళ్ళ దగ్గరో పడలేదు. తెలుగులో పడింది, మీ ఎదురుగానే పడింది. అందుకని నేను పోలీసులతో మొదలుపెట్టను, మీ ఇంటితో మొదలుపెడతాను. ఇంట్లో మీ మాట చెల్లుతుంది, బయట చెల్లదు.

ముందు ఆ "సగం తెలుగు" సంగతి తేల్చుకుందాం. ఇంట్లో వాడు సగమేంటి, పూర్తిగా తెలుగే అనుకోండి, ఎవరు కాదంటారు? కానీ షాపులో సెక్యూరిటీ గార్డుకి వాడి అమ్మమ్మ నల్గొండ నుంచి వచ్చిందని తెలియదు. తెలుగుతనం వాడికి ఆస్తి. దాన్ని గొడుగులా పట్టుకుంటే మాత్రం వాన ఆగదు. నిజానికి మనవాళ్ళకే అది ఆగలేదు. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్‌లో, మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన ఒక తాతగారు కొడుకు ఇంటి వీధిలో పొద్దున్నే నడుస్తున్నారు. "ఎవరో నల్లవాడు తిరుగుతున్నాడు" అని పక్కింటివాళ్ళెవరో ఫోన్ చేశారు. ఆయనకి ఇంగ్లీషు రాదు. పోలీసు ఆయన్ని నేలకేసి కొట్టాడు, మెడ దగ్గర వెన్ను దెబ్బతిని శరీరం కొంత చచ్చుబడిపోయింది. ఆ తాతగారికి 57 ఏళ్ళు. ఇది మీ అమ్మగారికి భయపెట్టేలా కాకుండా మామూలుగా చెప్పండి. అల్లుడు ఎందుకంత జాగ్రత్తగా ఉంటాడో ఆవిడకి అర్థమవుతుంది.

కమలా హారిస్ వాళ్ళమ్మ శ్యామలా గోపాలన్ తమిళావిడ. భర్తతో విడిపోయాక పిల్లలిద్దర్నీ దాదాపు ఒంటిచేత్తో పెంచారు. తను ఇద్దరు నల్లజాతి ఆడపిల్లల్ని పెంచుతున్నానని అమ్మకి బాగా తెలుసు అని హారిస్ తర్వాత రాసుకున్నారు. ఆవిడ పిల్లల్ని మద్రాసులో తాతగారింటికీ తీసుకెళ్ళారు, ఇక్కడ నల్లవాళ్ళ చర్చికీ పంపారు. రాజకీయాలు పక్కన పెట్టండి, తల్లిగా ఆవిడ లెక్క సరైనది. స్కూలు ఫారాల్లో జాతి దగ్గర రెండు గడులూ నింపండి. 2000 సెన్సస్ నుంచీ ఒకటికన్నా ఎక్కువ పెట్టుకోవచ్చు. మీరు ఒక్క "ఏషియన్" గడి మాత్రమే నింపితే ఆ ఫారం ఇంట్లో చూసిన రోజున మీ ఆయనకి ఎలా ఉంటుందో ఆలోచించండి. పిల్లవాడికి చదవడం వచ్చాక వాడికి ఎలా ఉంటుందో కూడా.

ఇక అమ్మమ్మ. కడుపుతో ఉన్నప్పుడు కుంకుమపువ్వు పాలు, పుట్టాక సున్నిపిండీ పాలమీగడా, "కొంచెం పెద్దయితే రంగు తేల్తాడులే" అనే ఓదార్పు. ఇవన్నీ ప్రేమతోనే చేస్తారు, నాకు తెలుసు. నలుగు పెట్టి నీళ్ళు పోయడం మంచి అలవాటే, రుద్దించుకోనివ్వండి. కానీ రంగు కోసం అన్న మాట అందులో ఉండకూడదు. "కాకి పిల్ల కాకికి ముద్దు" అని ముద్దుగానే అంటారు చూడండి, ఆ సామెత మీ ఇంట్లో బంద్. "నల్లోళ్ళు" అనే మాట కూడా. మన పార్టీల్లో "ఆ ఏరియా అంతా నల్లోళ్ళు, ఇల్లు కొనకండి" అని ఎంత తేలిగ్గా అంటారో మీకు తెలుసు. మీ బాబుకి తెలుగు నేర్పిస్తే ఆ వాక్యం కూడా అర్థమవుతుంది. మనవాళ్ళు అది మర్చిపోతారు. పిల్లాడికి తెలుగు రాదనుకుని వాడి ముందే మాట్లాడతారు.

అమ్మగారితో గొడవ పెట్టుకోమని కాదు. కూర్చోబెట్టి ఒకటే చెప్పండి: "అమ్మా, వాడు వాళ్ళ నాన్న రంగు. వాడి రంగు మార్చాలని చూస్తే వాళ్ళ నాన్న బాలేడని వాడికి చెప్పినట్టే." మా అమ్మ దగ్గర నా ఉపన్యాసాలేవీ పనిచేయలేదు, ఈ ఒక్క మాట పనిచేసింది. అల్లుడంటే ఆవిడకి ప్రాణం.

ఎండ విషయంలో ఇంకో గట్టి కారణం ఉంది, చెప్తే ఆవిడ ఒప్పుకుంటారు. ఈత. అమెరికాలో 5 నుంచి 19 ఏళ్ళ నల్లజాతి పిల్లలు స్విమ్మింగ్ పూల్స్‌లో మునిగి చనిపోయే రేటు తెల్లపిల్లల కన్నా అయిదున్నర రెట్లు ఎక్కువని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2014లో చెప్పింది. ఇది ఊరికే వచ్చింది కాదు. మా అత్తగారు పెరిగిన బర్మింగ్‌హామ్‌లో, పార్కుల్లోకి నల్లవాళ్ళని కూడా రానివ్వాలని కోర్టు చెప్పేసరికి, 1962లో నగరం పార్కులూ ఈతకొలనులూ మూసేసింది. ఒక తరం ఈత నేర్చుకోకపోతే తర్వాతి తరానికి నేర్పేవాళ్ళు ఉండరు. మా అత్తగారికి ఈత రాదు. మా అమ్మకీ రాదు, ఆవిడ కారణం వేరు. "నల్లబడతాడు" అని పిల్లాణ్ణి పూల్‌కి పంపకపోతే ఆ రెండు కారణాలూ కలిసి వాడి మీదే పడతాయి. సన్‌స్క్రీన్ రాసి ఈ వేసవిలోనే క్లాసులో చేర్పించండి.

ఉగాది నాటి సంగతి. "చిన్నపిల్లలు, వాళ్ళకేం తెలుసు" అని అక్కడ పెద్దవాళ్ళు నవ్వి ఊరుకున్నారని రాశారు. వాళ్ళకి తెలుసు. మూడు నెలల పసిగుడ్డు కూడా ఇంట్లో చూసే రంగు ముఖాల వైపే ఎక్కువసేపు చూస్తుందని పరిశోధనల్లో తేలింది. రంగు కనిపించడం తప్పు కాదు. ఏ రంగు మంచిదో మూడు నాలుగేళ్ళకల్లా పెద్దవాళ్ళ నుంచి నేర్చేసుకుంటారు, చిక్కంతా అక్కడే. 1940ల్లో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి దంపతులు, ఇద్దరూ సైకాలజిస్టులు, చిన్నపిల్లల ముందు తెల్లబొమ్మా నల్లబొమ్మా పెట్టి ఏది మంచిది, ఏది చెడ్డది అని అడిగారు. చాలామంది నల్లజాతి పిల్లలే తెల్లబొమ్మని మంచిదన్నారు. "నీలా ఉన్న బొమ్మ ఏది" అని అడిగేసరికి కొందరు ఏడ్చారు. స్కూళ్ళలో జాతుల్ని విడదీయడం చెల్లదని 1954లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఆ పని ప్రస్తావన ఉంది. ఆ పిల్లల్లో మీ బాబు ఈడువాళ్ళు ఉన్నారు.

ఇంకోసారి అలా జరిగితే అక్కడికక్కడే, గొంతు పెంచకుండా, ఇద్దరు పిల్లలూ వినేలా చెప్పండి: "వీడి చెయ్యి వాళ్ళ నాన్న చెయ్యి రంగు. మురికి కాదు, కడిగితే పోయేది కాదు, చాలా బాగుంటుంది. ఆట ఆడాలంటే అందరి చేతులూ పట్టుకోవాలి." ఆ పాపని తిట్టకండి. వాళ్ళమ్మకి మాత్రం తర్వాత ఫోన్ చేయండి. ఇంటికొచ్చాక బాబుతో: "ఆ పాప అన్నది తప్పు మాట. నీలో తప్పేం లేదు. నీకు ఎలా అనిపించింది?" అని అడిగి, వాడు చెప్పేది వినండి. ఏమీ చెప్పకపోతే ఊరుకోండి, స్నానం చేసేటప్పుడో నిద్రపోయే ముందో వాడే అంటాడు. "మనమంతా ఒక్కటే నాన్నా, రంగుదేముంది" అని మాత్రం అనకండి. వినడానికి బాగుంటుంది. వాడికి మాత్రం, జరిగింది అమ్మకి కనబడలేదు అని అర్థమవుతుంది.

తెలుగు సంఘాన్ని వదిలేయనా అన్నారు. వద్దు. వాడికి అది హక్కు, బాలవికాస్‌కి వెళ్తాడు, సంక్రాంతికి గాలిపటం ఎగరేస్తాడు. కాకపోతే అన్ని ఇళ్ళకీ వెళ్ళక్కర్లేదు. రంగు చూసేవాళ్ళూ, ఇంటిపేరు విని కులం లెక్కగట్టేవాళ్ళూ సాధారణంగా ఒకళ్ళే ఉంటారు. వాళ్ళెవరో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. "వాళ్ళు కష్టపడరండీ, మనం చూడండి ఎలా పైకొచ్చామో" అనేవాళ్ళకి నేను ఒకటే గుర్తుచేస్తాను. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో వలస చట్టం. మొదటిదాని కోసం దెబ్బలు తిన్నది మా అత్తగారి తరం. అదే గాలిలో వచ్చిన రెండో చట్టం మన డాక్టర్లకీ ఇంజనీర్లకీ తలుపు తీసింది. ఆ తర్వాత చర్చ మామూలుగా అల్లం పచ్చడి మీదకి మళ్ళుతుంది.

ప్రీస్కూల్ చీటీలు. ఇక్కడ మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయొద్దు. అమెరికా విద్యాశాఖ 2013-14 లెక్కల ప్రకారం పబ్లిక్ ప్రీస్కూల్ పిల్లల్లో నల్లజాతి పిల్లలు 19 శాతం, సస్పెండయిన ప్రీస్కూల్ పిల్లల్లో 47 శాతం. నేను చెప్తున్నది మూడు నాలుగేళ్ళ పిల్లల సంగతి. 2016లో యేల్ యూనివర్సిటీ వాళ్ళు ప్రీస్కూల్ టీచర్లకి ఒక వీడియో చూపించి, అల్లరి మొదలయ్యే సూచనలు కనిపెట్టమన్నారు. వీడియోలో అసలు అల్లరే లేదు. టీచర్ల కళ్ళు ఎటు తిరుగుతున్నాయో యంత్రంతో చూస్తే ఎక్కువసేపు నల్లజాతి పిల్లాడి మీదే ఉన్నాయి. నల్లజాతి టీచర్లవి కూడా. కౌన్సెలర్‌గా నేను రోజూ చూసింది అదే. చెడ్డ టీచర్లేం కాదు. ఎవరిని ఎక్కువసేపు చూస్తే వాళ్ళ తప్పులే ఎక్కువ కనిపిస్తాయి, అంతే.

అయినా, పిల్లవాడు నిజంగానే కొడుతున్నాడేమో అన్నది కూడా చూడాలి. నాలుగేళ్ళ పిల్లలు కొడతారు. మాట త్వరగా రాని పిల్లలు ఇంకా ఎక్కువ కొడతారు. మాట ఆలస్యమేమో అని ఏ కొంచెం అనుమానం ఉన్నా మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌కి రాతపూర్వకంగా అడగండి. మూడేళ్ళు నిండిన పిల్లలకి వాళ్ళు ఉచితంగా పరీక్షలు చేస్తారు. "ఇంట్లో రెండు భాషలు కదా, అందుకే" అని ఎవరన్నా అంటే దాంతో సరిపెట్టుకోకండి.

డైరెక్టర్‌కి ఈమెయిల్ రాయండి. ఫోన్లో మాట్లాడినా సరే, ఇంటికొచ్చి "మనం మాట్లాడుకున్నది ఇదీ" అని మళ్ళీ ఈమెయిల్ పెట్టండి. అందులో అడగాల్సింది: ఏ రోజు, ఏ సమయంలో, దానికి ముందు ఏం జరిగింది, బాబు సరిగ్గా ఏం చేశాడు, అవతలి పిల్లవాడు ఏం చేశాడు, టీచర్ ఏం చేసింది, ఇదే పని వేరే పిల్లలు చేసినప్పుడు వాళ్ళ ఇంటికి కూడా చీటీ వెళ్తుందా. "ఎగ్రెసివ్" అన్న మాటకి బదులు జరిగింది జరిగినట్టు రాయమనండి. "బ్లాకుల బుట్ట లాక్కున్నాడు" అని రాస్తే అది నాలుగేళ్ళ పిల్లవాడి పని. "ఎగ్రెసివ్" అని రాస్తే అది ఫైల్లో కిండర్‌గార్టెన్ దాకా వాడి వెంట నడుస్తుంది. ఒక పూట క్లాసులో కూర్చుని చూస్తామని అడగండి. మీటింగ్‌కి ఇద్దరూ వెళ్ళండి. మీరు ఒక్కరే వెళ్తే ఒకలా, మీ ఆయన ఒక్కరే వెళ్తే ఇంకోలా మాట్లాడతారు. ఆ తేడా మీరు కళ్ళారా చూసినా మంచిదే.

రేపు పబ్లిక్ స్కూలుకి వెళ్ళాక రికార్డులు చూసే హక్కు చట్టప్రకారం మీకుంది. ఫెడరల్ డబ్బు తీసుకునే ఏ స్కూలైనా జాతి కారణంగా వేరుగా చూస్తే విద్యాశాఖ పౌరహక్కుల కార్యాలయానికి ఫిర్యాదు చేయొచ్చు, సంఘటన జరిగిన 180 రోజుల లోపు. అంతదాకా రావడం తక్కువే. కానీ తేదీలతో సహా కాగితాలున్న తల్లిదండ్రులతో స్కూళ్ళు వేరేగా మాట్లాడతాయి. బల్లకి అవతలి వైపు కూర్చున్నదాన్ని, నాకు తెలుసు.

ఇంకో సంగతి మన తెలుగు తల్లులకి తట్టదు. మనవాళ్ళ పిల్లల్ని లెక్కల్లో దిట్టలని టీచర్లు ముందే అనుకుంటారు, అడక్కుండానే గిఫ్టెడ్ (చురుకైన పిల్లలకి పెట్టే ప్రత్యేక క్లాసుల) పరీక్షకి పంపుతారు. మీ అబ్బాయి విషయంలో అలా అనుకోరు. టెస్టుల్లో ఒకే మార్కులు వచ్చినా నల్లజాతి పిల్లల్ని గిఫ్టెడ్ ప్రోగ్రాముల్లోకి తీసుకోవడం తెల్లపిల్లల కన్నా తక్కువని, టీచర్ కూడా నల్లజాతి అయినచోట ఆ తేడా బాగా తగ్గుతుందని 2016లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. కాబట్టి ఎవరో పంపుతారని కూర్చోకుండా మీరే రాసి అడగండి. స్కూలు ఎంచుకునేటప్పుడు రేటింగ్ ఒక్కటే చూడకండి. టీచర్ల గదిలో నల్లజాతి మొహాలు ఎన్ని ఉన్నాయో చూడండి. క్లాసులో తనొక్కడే నల్లజాతి పిల్లాడై పన్నెండేళ్ళు చదవడం చాలా అలసట. ఆ అలసట పదికి పది రేటింగ్‌లో కనపడదు.

జుట్టు గురించి మీరు అడగలేదు కానీ ఫొటోలో చూశాను, చెప్పకుండా ఉండలేను. పొడి జుట్టుని సన్నదువ్వెనతో దువ్వి కొబ్బరినూనె పట్టించడం మన పద్ధతి, అది వాడి జుట్టుకి పనికిరాదు. ముందు నీళ్ళతో తడపాలి, తర్వాత లీవ్-ఇన్ కండిషనర్ (రాసి కడగకుండా వదిలేసేది), ఆ తేమ పోకుండా ఆఖర్న నూనె. చిక్కు తీయాలంటే కండిషనర్ ఉండగానే, వెడల్పు పళ్ళ దువ్వెనతో, కొసల నుంచి మొదలుపెట్టి పైకి. రోజూ షాంపూ వద్దు. రాత్రి శాటిన్ దిండుగలేబు. జడలు అల్లించినప్పుడు మాడు మీద పొక్కుల్లాంటివి వచ్చాయంటే మరీ బిగించారన్నమాట, అలాగే కొనసాగితే నుదుటి దగ్గర జుట్టు ఊడిపోతుంది. తిరుమలలో తలనీలాలు ఇవ్వాలని అమ్మగారు మొక్కుకుంటే ఇవ్వండి, మొక్కు మొక్కే. "రెండుసార్లు గుండు చేయిస్తే మెత్తబడుతుంది" అన్నది మాత్రం జరగదు. జుట్టు వంపు కుదుళ్ళలో ఉంటుంది, కత్తితో మారదు.

కటింగ్‌కి నల్లవాళ్ళ బార్బర్ షాపుకే పంపండి, వాళ్ళ నాన్నతో పంపండి. శనివారం పొద్దున అక్కడ వాడిలాంటి తలలున్న తాతలూ, కాలేజీ కుర్రాళ్ళూ, ప్లంబర్లూ, లాయర్లూ వరసగా కూర్చుని ఫుట్‌బాల్ మీద కొట్టుకుంటూ ఉంటారు. అది ఏ పుస్తకమూ చేయని పని చేస్తుంది. మీకు తెలియాల్సిన చట్టం కూడా ఒకటుంది. జుట్టు తీరునిబట్టీ, జడలూ లాక్‌లూ (తాళ్ళలా పేనుకున్న జుట్టు పాయలు) వేసుకున్నారనీ వివక్ష చూపకూడదని కాలిఫోర్నియా 2019లో మొదట చట్టం చేసింది. టెక్సస్‌లో 2023 సెప్టెంబర్ 1 నుంచి ఉంది. అయితే మగపిల్లల జుట్టు పొడవు మీద స్కూలు పెట్టే నిబంధనకి ఆ చట్టం అడ్డురాదని 2024 ఫిబ్రవరిలో టెక్సస్‌లోనే ఒక జడ్జి తీర్పిచ్చారు. అందుకని చేర్పించే ముందు డ్రెస్ కోడ్ పూర్తిగా చదవండి.

ఇక మీ ఆయన అడుగుతున్న పోలీసుల సంగతి. ఆయన భయం ఉత్తది కాదు. కానీ నాలుగేళ్ళ పిల్లవాడికి ఆ మాట చెప్పకండి, వీడియోలు అసలు చూపించకండి, వాడున్న గదిలో టీవీలో రానివ్వకండి. నల్లజాతి కుటుంబాలు పిల్లలకి జాతి గురించి ఏం చెప్తాయన్నదాని మీద చాలా ఏళ్ళుగా పరిశోధన జరుగుతోంది. తమ వాళ్ళ చరిత్ర, వంట, పాట, గొప్పతనం ముందు అందిన పిల్లలు మానసికంగా గట్టిగా ఉంటున్నారు. ప్రమాదం గురించి చెప్పడం కూడా కావాలి, కానీ ఆ పునాది మీద చెప్పాలి. "ఎవర్నీ నమ్మకు" అన్నదొక్కటే నేర్పితే పిల్లలకి మేలు జరగడం లేదు, దిగులు పెరుగుతోంది. మా ఇంట్లో ఆ పునాది పని మా అత్తగారు చేశారు. ఆదివారం చర్చి, కాలర్డ్ గ్రీన్స్ అనే ఆకుకూర, బానిసత్వం పోయినందుకు చేసుకునే జూన్‌టీన్త్ రోజు కుటుంబమంతా కలవడం, ఎవరి ముత్తాత ఎక్కడ పొలం కొన్నాడన్న కథలు. హ్యూస్టన్ మీకు నాలుగు గంటల దారి. వాడి నాయనమ్మ దగ్గరికి ఎంత తరచుగా వెళ్తున్నారు? అమ్మమ్మ ఆరు నెలలు ఉంటున్నప్పుడు నాయనమ్మకి థాంక్స్‌గివింగ్ ఒక్కటే మిగిలితే తూకం సరిపోదు.

వయసుని బట్టి నేనైతే ఇలా చెప్తాను. ఆరేడేళ్ళకి బానిసత్వం, రూబీ బ్రిడ్జెస్ కథ. 1960లో న్యూ ఆర్లియన్స్‌లో, ఆరేళ్ళప్పుడు, ఫెడరల్ మార్షల్స్ (కేంద్ర ప్రభుత్వ భద్రతా అధికారులు) కాపలాతో తెల్లవాళ్ళ స్కూలుకి వెళ్ళిన పాప. ఆ వయసు పిల్లలకి అది సరిగ్గా అందుతుంది, ఎందుకంటే ఆ పాప ఆ రోజు గెలిచింది. ఎనిమిది తొమ్మిదేళ్ళకి షాపు నియమాలు: చేతులు జేబుల్లో పెట్టుకోకు, కొన్నదాని రసీదు దగ్గరుంచుకో, సంచి తెరిచి తిరగకు. బొమ్మ తుపాకీ మాత్రం ఏ వయసులోనూ ఇంటి బయటికి రాకూడదు. వీలైతే ఇంట్లోనే వద్దు. 2014 నవంబర్‌లో క్లీవ్‌లాండ్‌లో పార్కులో బొమ్మ తుపాకీతో ఆడుకుంటున్న తమీర్ రైస్‌కి పన్నెండేళ్ళు. పోలీసు కారు వచ్చిన రెండు సెకన్లలోపే కాల్చేశారు. "బహుశా బొమ్మదే" అని ఫోన్ చేసినవాళ్ళు చెప్పిన మాట ఆ పోలీసుల దాకా చేరలేదు. పదేళ్ళు దాటిన నల్లజాతి మగపిల్లల్ని జనం అసలు వయసు కన్నా పెద్దవాళ్ళుగా, తక్కువ అమాయకులుగా చూస్తారని అదే ఏడాది వచ్చిన ఒక అధ్యయనంలో ఉంది. మీ బాబు బొద్దుగా, పొడుగ్గా ఉన్నాడని మురిసిపోతూ రాశారు. పదకొండేళ్ళకి ఆ పొడుగే మీకు నిద్ర లేకుండా చేస్తుంది, ముందే చెప్తున్నాను.

పోలీసుల గురించి పూర్తిగా కూర్చుని మాట్లాడేది పది, పదకొండేళ్ళకి. కారు నేర్చుకునేటప్పుడు మళ్ళీ. చేతులు స్టీరింగ్ మీద, లోపలి లైటు వేసి, "లైసెన్స్ జేబులో ఉంది, తీస్తున్నాను" అని చెప్పి తీయడం. ఈ మాటలు మీ ఆయన చెప్పాలి, మీరు పక్కన కూర్చోవాలి. ఒక్క వివరం ఇద్దరూ గుర్తుపెట్టుకోండి. స్కూల్లో గానీ స్టేషన్‌లో గానీ పోలీసు ప్రశ్నిస్తే "అమ్మానాన్న కావాలి" అనడం ఒక్కటే చట్టం దృష్టిలో చాలకపోవచ్చు. "లాయర్ కావాలి, లాయర్ లేకుండా మాట్లాడను" అని స్పష్టంగా అనాలి. మా పిల్లల చేత అన్నం తినేటప్పుడు వల్లె వేయించాను, వేమన పద్యంలాగా.

మీ ఇద్దరి మధ్య గొడవ గురించి ఒక మాట. ఆయన ఆఫీసు నుంచో షాపు నుంచో వచ్చి ఏదో జరిగిందని చెప్తే "వాళ్ళ ఉద్దేశం అది కాదేమో" అని వెంటనే అనకండి. మనం ఇమిగ్రెంట్లం, సర్దుకుపోయి నెగ్గుకురావడం మన అలవాటు. ఆయన సలహా అడగడం లేదు. మీరు ఆయన్ని నమ్ముతారా లేదా అన్నది మీ బాబు పక్క గదిలోంచి వింటుంటాడు. రేపు వాడికి స్కూల్లో ఏదన్నా అయితే మీతో చెప్పాలా వద్దా అన్నది అప్పుడే తేల్చుకుంటాడు.

ఇంకో పిల్లో పిల్లాడో కావాలనుకుంటున్నాం అన్నారు కాబట్టి ఇది కూడా. అమెరికాలో పుట్టే నల్లజాతి శిశువుల్లో సుమారు 13 మందిలో ఒకరికి సికిల్ సెల్ లక్షణం (ట్రెయిట్) ఉంటుంది, మనవాళ్ళలో బీటా థలసీమియా లక్షణం ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. రెండూ వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బులు. లక్షణం అంటే ఆ జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వచ్చిందని, జబ్బు ఉన్నట్టు కాదు. కానీ ఆయనకి మొదటిదీ మీకు రెండోదీ ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి సికిల్ బీటా థలసీమియా అనే జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఇద్దరూ ముందే రక్తపరీక్ష చేయించుకోండి. బాబు పుట్టినప్పటి స్క్రీనింగ్ రిపోర్టు పిల్లల డాక్టర్ దగ్గర ఉంటుంది, అడిగి తీసుకోండి.

ఇండియా ప్రయాణం. తప్పకుండా వెళ్ళండి, ముగ్గురూ వెళ్ళండి. వెళ్ళేముందు ఫోన్ పనులు కొన్ని ఉంటాయి. మీ అన్నయ్యకో పెద్దమ్మకో, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్ళకి ముందే చెప్పండి: రంగు మీద జోకు వద్దు, వాడి జుట్టు ముట్టుకోవద్దు, "నాన్న పోలికేనా, అయ్యో" అనే పరామర్శ వద్దు. జనం కన్నార్పకుండా చూస్తారు, సెల్ఫీ అడుగుతారు. అడిగితే "వద్దండీ" అని మీరే చెప్పండి, బాబు చేత చెప్పించకండి. మీ ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పండి. 2016లో బెంగళూరులో టాంజానియా విద్యార్థిని మీద, 2017లో గ్రేటర్ నోయిడాలో ఆఫ్రికన్ విద్యార్థుల మీద గుంపులు దాడి చేశాయి. అందరూ అలా ఉండరు. అయినా రాత్రిపూట ఒంటరిగా పంపకండి, పాస్‌పోర్టు నకలు ఫోన్లో ఉంచుకోమనండి.

హైదరాబాద్‌లో మాసాబ్‌ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్‌కి వెళ్ళండి. ఆ పేరు నిజాం ఆఫ్రికన్ అశ్వికదళానిది. ఆ సైనికుల వంశంవాళ్ళు, సిద్దీలు, ఇప్పటికీ అక్కడ ఉంటున్నారు. హైదరాబాద్ పెళ్ళి ఊరేగింపుల్లో మోగే మర్ఫా డప్పుల వాయిద్యం వాళ్ళ చేతుల్లో పెరిగిందే. మా ఆయన అక్కడ టీ కొట్టు దగ్గర నిలబడితే మొదట ఎవరూ తిరిగి చూడలేదు. నోరు తెరిచి ఇంగ్లీషులో టీ అడిగాక అందరూ చూశారు. అప్పుడు మాత్రం టీ డబ్బులు తీసుకోలేదు.

లీవ్-ఇన్ కండిషనర్, వెడల్పు పళ్ళ దువ్వెన ఇక్కడినుంచే తీసుకెళ్ళండి, అక్కడ వెతుక్కోవడం కష్టం. చెకిన్ పెట్టెలో వేయండి, చేతి సంచిలో పెట్టుకుంటే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. ప్రీస్కూల్‌కి ఈమెయిల్ రాశాక కావాలంటే ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. బాబు పేరూ స్కూలు పేరూ తీసేసి పెట్టండి.